ఆగి ఆగి నడచు పాత కారు: దోషము వెదకు క్రమము

గ్రామములో పాత కారు ఒకటి ఉన్నచో అది పేరునకు ఒకరిదే గాని అవసరమునకు అందరిదియు. పెండ్లికి, పరీక్షలకు, మండల కార్యాలయమునకు, సంతకు ఆ కారునే అడుగుదురు. అర్ధరాత్రి ఎవరికైనను ప్రాణము మీదికి వచ్చినచో ఆ కారు యజమాని తలుపే తట్టుదురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో 108 అంబులెన్సు సేవ ఆరంభమైనది. ఆపదలో మొట్టమొదట చేయవలసినది ఆ అంకెకు ఫోను చేయుటయే. ఐనను అంబులెన్సు వచ్చులోపల రోగిని పెద్దరోడ్డు వరకైనను చేర్చుటకు ఊరి కారు నేటికిని ఉపయోగపడుచునే యున్నది. అట్టి కారు నడిదారిలో ఆగిపోయినచో కలుగు కష్టమెట్టిదో అనుభవించినవారికే తెలియును.

పంచాయతీ సభ్యులకు ఈ విషయముతో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము పంచాయతీలతో సహా ప్రభుత్వ సంస్థల మోటారు బండ్లకు 15 సంవత్సరములు దాటిన పిమ్మట రిజిస్ట్రేషను చెల్లదు. కావున పంచాయతీకి సొంతముగా అంత పాత కారు ఉండదు. కాని గ్రామస్థుల సొంత కార్లు పరీక్షలో నెగ్గి, రిజిస్ట్రేషను పునరుద్ధరింపబడి, ఇంకను తిరుగుచున్నవి. అవి ఆగిపోయినపుడు ఊరికి కష్టము. మరమ్మతు ఖర్చును గూర్చి యజమానికిని మేస్త్రీకిని మాట పెరిగినపుడు ఆ తగవు పెద్దల ముందునకే వచ్చును. అప్పుడు ఏ ప్రశ్న అడుగవలెనో పెద్దలకు తెలిసియుండవలెను.

ఒక ఊరి సంగతి

మేము ఎరిగిన ఒక గ్రామములో ఒక రైతునొద్ద పాత అంబాసిడరు కారు ఉండెను. అది ఒక వానకాలపు రాత్రి కాన్పు నొప్పులు పడుచున్న ఒక ఇల్లాలిని తీసికొని పోవుచు చెరువు కట్టమీద ఆగిపోయెను. దీపములు వెలుగుచునే యుండెను. సెల్ఫు తిరుగుచునే యుండెను. ఇంజను మాత్రము అందుకొనలేదు. కొంతసేపటికి దానంతట అదే అందుకొని, అర మైలు పోయి మరల ఆగెను. తుదకు ఒక ట్రాక్టరు వచ్చి లాగవలసి వచ్చినది. తల్లియు బిడ్డయు క్షేమముగనే బయటపడిరి. కాని గంటన్నర కాలము కట్టమీదనే గడచినది.

మరునాడు మరమ్మతులు ఆరంభమైనవి. మొదట బ్యాటరీ మార్చిరి. పది దినములు నడచి కారు మరల ఆగెను. ప్లగ్గులు మార్చిరి. తరువాత కాయిలు, ఆ పిమ్మట పెట్రోలు పంపు మార్చిరి. కార్బ్యురేటరు విప్పి కడిగిరి. మార్చిన ప్రతిసారియు కొన్నాళ్లు బాగుగ నడచినట్లే తోచి మరల మొదటికే వచ్చెను. యజమాని డబ్బు ఇయ్యననెను. మేస్త్రీ తాను పెట్టిన సామానంతయు కొత్తదేననెను. ఇద్దరు చెప్పినదియు నిజమే. తగవు పంచాయతీ కార్యాలయమునకు వచ్చినది.

అక్కడ ఒక సభ్యుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఈ ఐదు పనులలో దేనినైన చేయుటకు ముందు, దోషము అక్కడనే యున్నదని కొలిచి చూచితిరా?" సమాధానము లేదు. తలనొప్పికి తలగడ మార్చినట్లుగా ఆ మరమ్మతులన్నియు జరిగినవి. కొలిచి చూచిన పిమ్మట ఏమి తేలినదో ముందు చెప్పెదము. ఆ కొలుచు క్రమమే ఈ పాఠము.

ఏ కారును గూర్చి చెప్పుచున్నాము

దృష్టాంతమునకు పెట్రోలు అంబాసిడరునే తీసికొందము. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున దీనిని 1950ల చివర మొదలుకొని 2014 వరకు తయారుచేసిరి. చాలకాలము అందులో 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఉండెను. రవ్వను పుట్టించుటకు పాయింట్లు గల డిస్ట్రిబ్యూటరు, పెట్రోలును గాలితో కలుపుటకు కార్బ్యురేటరు, విద్యుత్తునకు 12 వోల్టుల బ్యాటరీ ఇందలి ముఖ్యాంగములు. ఇవే అంగములు గల ఇతర పాత కార్లకును ఈ క్రమము వర్తించును. కొలతలు మాత్రము ఆయా కారు పుస్తకమును బట్టి చూచుకొనవలెను. డీజిలు ఇంజనుకు ప్లగ్గుల రవ్వతో పనిలేదు గనుక రవ్వను గూర్చి చెప్పు భాగము దానికి వర్తింపదు.

ముందుగా మూడు ప్రశ్నలు

పెట్రోలు ఇంజను నడచుటకు తగిన పెట్రోలు, తగిన గాలి, తగిన వేళకు రవ్వ కావలెను. అందుచేత బానెట్టు ఎత్తుటకు ముందే కారు నడపినవానిని మూడు ప్రశ్నలు అడుగవలెను.

మొదటి ప్రశ్న: ఇంజను ఎట్లు ఆగినది? దీపము ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగినచో రవ్వ తప్పినదని తొలి అనుమానము. దగ్గి, కుదిపి, బలము తగ్గి, మెల్లగా ఆగినచో పెట్రోలు అందలేదని తొలి అనుమానము.

రెండవ ప్రశ్న: ఎప్పుడు ఆగినది? గతుకులలో ఆగినచో వదులు బిగింపు గాని తెగిన తీగ గాని కారణము కావచ్చును. ఎండవేళ చాలదూరము నడచిన పిమ్మట ఆగినచో వేడికి చెడు కాయిలో, పైపులో ఆవిరియైన పెట్రోలో కారణము కావచ్చును. వాన తడిలో ఆగినచో ప్లగ్గుల తీగలను, డిస్ట్రిబ్యూటరు మూతను అనుమానింపవలెను. నిలుచున్నపుడు మాత్రమే ఆగి పరుగులో బాగుగ నడచినచో నిలుకడ వేగపు సవరణయు, గాలి దొంగతనముగ చొరబడు సందులును చూడవలెను.

మూడవ ప్రశ్న: మరల ఎప్పుడు అందుకొన్నది? వెంటనేనా, పావుగంట చల్లారిన పిమ్మటనా, పెట్రోలు ట్యాంకు మూత తీసి పెట్టిన పిమ్మటనా, చోకు లాగిన పిమ్మటనా? చోకు లాగగానే అందుకొన్నచో పెట్రోలు తక్కువగా అందుచున్నదని అర్థము.

ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులు తీర్పు కావు. అవి త్రోవ చూపు గుర్తులు మాత్రమే. తీర్పు చెప్పవలసినది కొలత.

బ్యాటరీయు, విద్యుత్తు తిరిగివచ్చు దారియు

కొలుచుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. ఒక చిన్న మల్టీమీటరు, రెండు తీగలు కట్టిన 12 వోల్టుల చిన్న దీపము చాలును.

రాత్రంతయు నిలిపియుంచిన కారు బ్యాటరీ పూర్తిగా నిండియున్నచో మీటరు సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినచో బ్యాటరీ చాలవరకు ఖాళీ అయినట్లే. సెల్ఫు త్రిప్పునపుడు 10 వోల్టులకంటె బాగుగ తగ్గినచో బ్యాటరీనో, దాని బిగింపులనో చూడవలెను. ఇంజను చురుకుగా తిరుగునపుడు సుమారు 13.8 మొదలు 14.4 వరకు చూపవలెను. అంతకు తక్కువైనచో బ్యాటరీకి విద్యుత్తు చేరుట లేదు. చాల ఎక్కువైనచో బ్యాటరీ నీరు మరగి ఎండును. అప్పుడు దోషము రెగ్యులేటరులో ఉండును. బ్యాటరీని మార్చినంత మాత్రమున అది తీరదు.

మన పొలములకు వచ్చు నీటిని తలచుకొనుడు. కాలువ నిండుగా పారుచున్నను బోదెలో పూడిక ఉన్నచో చివరి మడికి నీరెక్కదు. విద్యుత్తు సంగతియు అంతే. బ్యాటరీ కొమ్ములమీద పచ్చగానో తెల్లగానో చిలుము పట్టినచో అదియే పూడిక. బిగింపులు విప్పి, వేడినీటితో కడిగి, మెరయునట్లు గీకి, గట్టిగా బిగించి, పైన కొంచెము వ్యాజిలీను పూయవలెను. ఖర్చు లేని ఈ పని ముందు చేయక కొత్త బ్యాటరీ కొనుట తప్పు.

విద్యుత్తునకు పోవు దారి ఎంత ముఖ్యమో తిరిగివచ్చు దారియు అంత ముఖ్యము. అది తీగ ద్వారా పోయి, దీపమునో సెల్ఫునో పనిచేయించి, కారు ఇనుప దేహము ద్వారా బ్యాటరీకి మరలి వచ్చును. ఈ మరలి వచ్చు దారినే మేస్త్రీలు ఎర్తు అందురు. ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చుండును గనుక దానికిని కారు దేహమునకును నడుమ అల్లిన రాగి పట్టీ ఒకటి బిగింతురు. అది తెగినను, తుప్పు పట్టినను చిత్రమైన దోషములు పుట్టును. దీపము వేసినచో హారను మూలుగును, సెల్ఫు నీరసించును. సరియైన దారి లేక సెల్ఫు విద్యుత్తు చోకు తీగ గుండ పోయి ఆ తీగ కాలుటయు కలదు. చోకు పిడి వేడెక్కినదని ఎవరైన చెప్పినచో ఈ పట్టీనే మొదట చూడవలెను.

ఎర్తును కొలుచుట సులభము. మీటరు ఒక కొసను ఇంజను ఇనుముమీదను, రెండవ కొసను బ్యాటరీ ఎర్తు కొమ్ముమీదను ఉంచి సెల్ఫు త్రిప్పవలెను. అర వోల్టు కంటె ఎక్కువ చూపినచో దారిలో పూడిక ఉన్నది. పాత కార్లు కొన్నింటిలో ధన కొమ్మునే ఎర్తు చేసియుందురు. కావున ఏ కొమ్ము కారు దేహమునకు కట్టబడియున్నదో ముందుగా కన్నులార చూచిన పిమ్మటనే పనికి దిగవలెను.

డైనమో, దీపములు, దొంగ కారుదల

పాత అంబాసిడర్లలో డైనమోయు, తరువాతి వానిలో ఆల్టర్నేటరును ఉండును. ఇంజను మెల్లగా తిరుగునపుడు డైనమో చాలినంత విద్యుత్తు ఇయ్యదు. అప్పుడు డాష్‌బోర్డుమీది ఎర్రదీపము మినుకుమనుట దోషము కాదు. వేగము పెంచగానే అది ఆరవలెను. ఆరనిచో ముందుగా బెల్టు బిగువు చూడవలెను.

డైనమో శక్తికి మేర కలదు. ఆనాటి డైనమోలు మంచి వేగములో సుమారు 20 ఆంపియర్లు ఇచ్చును. 60 వాట్ల ముందు దీపములు రెండు వెలిగినచో 120 వాట్లు, అనగా 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు వానికే పోవును. రవ్వకు, వైపర్లకు, వెనుక దీపములకు మరికొంత కావలెను. ఆపైన పెద్ద పాటల పెట్టె, అదనపు దీపములు తగిలించినచో ఆదాయమునకు మించిన వ్యయమగును. అట్టి కారు రాత్రివేళ, వానలో, మెల్లగా పోవునపుడే మొరాయించుటలో వింత లేదు.

నిలిపియుంచిన కారు బ్యాటరీ రెండు మూడు దినములకే పడిపోవుచున్నచో విద్యుత్తు ఎక్కడనో కారుచున్నదని అర్థము. తాళము తీసి, తలుపులు మూసి, బ్యాటరీ ఎర్తు బిగింపు విప్పి, ఆ నడుమ ఆంపియర్లు కొలుచు మీటరును కలుపవలెను. మీటరు కలిపియుండగా సెల్ఫు త్రిప్పరాదు, మీటరు కాలిపోవును. పాత కారులో దాదాపు సున్న చూపవలెను. అర ఆంపియరు చూపినచో దినమునకు 12 ఆంపియరు గంటలు వ్యర్థమగుచున్నవి. 48 ఆంపియరు గంటల బ్యాటరీ నాలుగు దినములలో ఖాళీ అగును. అప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూచినచో, ఏది తీసినపుడు ముల్లు పడిపోవునో దోషము ఆ దారిలోనిది. ఫ్యూజు లేని దారులను ఒక్కొక్క తీగ విప్పి చూడవలెను. ఆ కాలపు కార్లలో రవ్వ దారికిని, ముందు దీపముల దారికిని సాధారణముగా ఫ్యూజు ఉండదు. అందుచేత ఆ తీగల పైతొడుగు ఒరసి ఇనుమునకు తగిలినచో కారే తగులబడవచ్చును. ఫ్యూజు కాలినచోట రాగి తీగనో సిగరెట్టు రేకునో చుట్టుట నిప్పుతో ఆడుటయే.

రవ్వ పుట్టు దారి

బ్యాటరీ విద్యుత్తు తాళము గుండ కాయిలుకు, అచ్చటినుండి డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లకు పోవును. పాయింట్లు విడిపోయిన ప్రతిసారియు కాయిలులో వేల వోల్టుల శక్తి పుట్టి ప్లగ్గు కొసన రవ్వగా దూకును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు సెకండునకు 100 రవ్వలు పుట్టవలెను. ఇన్ని మారులు తెరచి మూయు పాయింట్లు అరుగకుండునా? అంబాసిడరు పాయింట్ల సందు సుమారు 0.4 మిల్లీమీటరు, ప్లగ్గు సందు సుమారు 0.6 మిల్లీమీటరు ఉండవలెను. సందును కొలుచు రేకుతో చూడవలెనే గాని కంటి అంచనా పనికిరాదు. కొత్త పాయింట్లు త్వరలోనే మాడి గుంటలు పడినచో కండెన్సరును అనుమానింపవలెను.

ఇంజను ఆగియున్నపుడు పరీక్షింప చిన్న దీపము చాలును. తాళము వేసి, దీపపు తీగ ఒకటి ఎర్తునకును, రెండవది కాయిలుకు తాళమునుండి విద్యుత్తు వచ్చు కొసకును తాకింపవలెను. వెలిగినచో విద్యుత్తు కాయిలు వరకు వచ్చుచున్నది. వెలుగనిచో తాళము, దాని తీగలు చూడవలెను. బరువైన తాళపుగుత్తి వ్రేలాడదీయుటవలన తాళము లోపల అరిగి గతుకులలో విద్యుత్తు తప్పుట తరచు జరుగును.

తరువాత దీపమును డిస్ట్రిబ్యూటరు వైపు కొసకు తాకించి ఇంజనును మెల్లగా చేతితో త్రిప్పవలెను. పాయింట్లు తెరచినపుడు దీపము వెలిగి, మూసినపుడు ఆరవలెను. ఎంత త్రిప్పినను ఆరనిచో పాయింట్ల దారి ఎక్కడనో తెగియున్నది. ఎంత త్రిప్పినను వెలుగనిచో కాయిలు లోపల తీగ తెగియుండును, లేక అటు వైపు తీగ ఇనుమునకు తగులుచుండును. ఇంజను నడచుచుండగా ఈ కొసకు దీపము కట్టరాదు, రవ్వ బలహీనపడును. అప్పుడు మీటరునే వాడవలెను.

వానకాలమున మరియొక పరీక్ష కలదు. చీకటిలో ఇంజను నడచుచుండగా బానెట్టు ఎత్తి చూచినచో పగిలిన ప్లగ్గు తీగల వెంట నీలి మెరుపులు కనబడును. వానిని చేతితో తాకరాదు.

పెట్రోలు వచ్చు దారి

రవ్వ సరిగా ఉన్నచో పెట్రోలు దారిని ట్యాంకునుండి వరుసగా చూడవలెను. ట్యాంకు మూతలో గాలి పోవు చిన్న రంధ్రము మూసికొనిపోయినచో పెట్రోలు తగ్గినకొలది లోపల శూన్యమేర్పడి పెట్రోలు రాదు. కారు కొంతదూరము నడచి ఆగును. మూత తీయగానే బుస్సుమని గాలి పీల్చును. తరువాత మరల నడచును. ఇంతకంటె చవకైన మరమ్మతు లేదు, ఇంతకంటె తరచుగా మరచునదియు లేదు.

పిమ్మట ట్యాంకులోని తుప్పు, పైపులు, వడపోత, పంపులోని పొర, కార్బ్యురేటరు రంధ్రములు చూడవలెను. నేడు మన పెట్రోలులో ఇథనాలు కలుపుచున్నారు. 2025లో ఆ పాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు నీటిని పీల్చును. పాత రబ్బరు పైపులను ఉబ్బించి చీల్చును. ట్యాంకులో అంటియున్న మురికిని కదల్చి వడపోతకు తెచ్చును. కావున పాత కార్ల యజమానులు ఇథనాలుకు తట్టుకొను రబ్బరు పైపులు వేయించుకొని, వడపోతను మునుపటికంటె తరచుగా మార్చుకొనవలెను. చిల్లిపడిన పైపు పెట్రోలు కారనిచ్చుటయే కాక గాలిని లోపలికి పీల్చి ఇంజనును ఆపును.

మన వేసవిలో పంపునకును కార్బ్యురేటరునకును నడుమ పైపులోని పెట్రోలు మరగి ఆవిరియగుట కద్దు. నీడలో నిలిపి, బానెట్టు ఎత్తి చల్లారనిచ్చినచో కారు నడచును. మరల మరల ఇట్లు జరుగుచున్నచో పైపు వేడి ఇనుమునకు దగ్గరగా పోవుచున్నదేమో చూచి దూరముగా కట్టింపవలెను.

ఆ కారు దోషము ఎక్కడ దొరికినది

ఇక ఆ గ్రామపు కారు సంగతి. పెద్దల సలహాపై యజమానియు మేస్త్రీయు కూడి ఒక పుస్తకము పెట్టిరి. ఆగిన ప్రతిసారి తేదీ, చోటు, ఎట్లు ఆగినది, ఎప్పుడు అందుకొన్నది వ్రాసిరి. ఐదారు మారులు వ్రాసిన పిమ్మట ఒక సంగతి తేలినది. కారు సమముగా పోవుచున్నంతసేపు ఆగుట లేదు. యాక్సిలరేటరు వదలి మరల త్రొక్కిన క్షణముననే దీపము ఆర్పినట్లు ఆగుచున్నది. ఆ రాత్రి కట్ట ఎక్కునపుడును జరిగినది ఇదియే.

పిదప కాయిలుకు విద్యుత్తు వచ్చు కొసనుండి తీగ లాగి చిన్న దీపమును కారు లోపల కట్టిరి. డిస్ట్రిబ్యూటరు వైపు కొసకు మీటరు తగిలించిరి. కారు నడపి చూచిరి. ఇంజను తప్పినపుడు దీపము ఆరలేదు. అనగా బ్యాటరీ, తాళము, అక్కడి వరకు తీగలు అన్నియు నిర్దోషములు. కారు గేరులోనే దొర్లుచు ఇంజను ఇంకను తిరుగుచుండగా మీటరు బ్యాటరీ వోల్టులంతయు చూపుచు అట్లే నిలిచినది. అనగా పాయింట్లు మూసికొన్నను విద్యుత్తు ఎర్తునకు చేరుట లేదు. దోషము డిస్ట్రిబ్యూటరు లోపలనే.

మూత తీసిరి. పాయింట్లకు పోవు మెత్తని తీగ ఒకటి లోపల కలదు. అది జానెడైనను లేదు. యాక్సిలరేటరు త్రొక్కి వదలినపుడు ఇంజను పీల్పు మారి పాయింట్ల పళ్లెము కొంచెము తిరుగును. ఆ తీగయు దానితోపాటు వంగును. ఏండ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు తెగినవి. పై తొడుగు మాత్రము చెక్కుచెదరక ఉన్నందున చూపునకు బాగుగనే యుండెను. మెల్లగా లాగినపుడు తొడుగు సాగినది. పళ్లెము ఒకవైపు ఉన్నపుడు పోగులు తాకుచు, మరియొకవైపు తిరిగినపుడు విడిపోవుచు ఉండెను. తీగ మార్చిరి. దానికైన ఖర్చు అంతకుముందు మార్చిన సామాను వెలలో లెక్కకే రాదు. అటుపిమ్మట కారు ఆగలేదు.

ఇందులో మేస్త్రీ మోసము లేదు, యజమాని పిసినారితనము లేదు. ఉన్నది క్రమలోపము. ప్రతి మరమ్మతు తరువాత కొన్నాళ్లు బాగుగ నడచుటయే ఇద్దరిని మోసగించినది. వచ్చి పోవు దోషమునకు అట్టి గుణము కలదు. అది పోయినది మందువలననా, తన ఇచ్చవలననా అని కొలతయే చెప్పవలెను.

ప్రాణములకు సంబంధించిన జాగ్రత్తలు

బ్యాటరీ నిండునపుడు మండు వాయువు పుట్టును. దగ్గర చుట్ట, అగ్గిపుల్ల కూడదు. విప్పునపుడు ఎర్తు బిగింపును ముందుగను, బిగించునపుడు దానిని చివరగను తగిలింపవలెను. వేరొక బ్యాటరీ సాయమున కారును నడపునపుడు చివరి తీగను బ్యాటరీకి కాక దూరముగా ఇంజను ఇనుమునకు తగిలింపవలెను. ఆల్టర్నేటరు ఉన్న కారులో ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ పెరికి చూచు అలవాటు కొందరికి కలదు. దానివలన ఆల్టర్నేటరు చెడును. పెట్రోలు పైపు విప్పినచోట రవ్వ పరీక్ష చేయరాదు. మూసిన కొట్టములో ఇంజను నడపరాదు, వాసన లేని విషవాయువు మనుష్యుని చంపును. జాకీ ఒక్కదానిని నమ్మి కారు క్రిందికి దూరరాదు. నడిదారిలో ఆగినపుడు కారును మొదట ప్రక్కకు త్రోసి, వెనుక గుర్తు పెట్టి, మనుష్యులను రోడ్డునుండి దూరముగ నిలుపవలెను.

పంచాయతీ కార్యాలయమున వ్రాసిపెట్టదగిన క్రమము

1. ఆగిన తీరు, వేళ, మరల అందుకొన్న తీరు పుస్తకములో వ్రాయుడు.

2. బ్యాటరీ బిగింపులు, ఎర్తు పట్టీ శుభ్రపరచి బిగించి, వోల్టులు కొలువుడు.

3. రవ్వయా, పెట్రోలా అని ముందు తేల్చుడు. రెండింటిని ఒకేసారి ముట్టకుడు.

4. తప్పినది రవ్వయైనచో తాళమునుండి కాయిలు, డిస్ట్రిబ్యూటరు, ప్లగ్గుల వరకును, పెట్రోలైనచో ట్యాంకు మూతనుండి కార్బ్యురేటరు వరకును వరుసగా చూడుడు.

5. ఒకసారి ఒక్కటే మార్చుడు. మార్చిన పాత సామానును యజమానికి చూపి, పుస్తకములో వ్రాయుడు.

6. దోషము కొలతకు దొరకనిదే సామాను కొనకుడు.

ఈ క్రమము కారునకే గాక ఊరిలోని జనరేటరునకు, నీటి మోటారునకు, ట్రాక్టరునకు కూడ పనికివచ్చును. అంగములు వేరైనను వెదకు తీరు ఒక్కటే. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్కు పని నేర్చిన యువకులు అనేక గ్రామములలో ఉన్నారు. వారిలో ఒకరిని పిలిచి, ఊరి పాత కార్ల యజమానులను, డ్రైవర్లను, మేస్త్రీలను ఒక పూట కూర్చుండబెట్టి, ఈ పరీక్షలను కళ్లయెదుట చేయించినచో పంచాయతీకి పెద్ద వ్యయము కాదు. వానలు రాకముందే ఆ పని జరుగుట మంచిది. చెరువు కట్టమీద గంటన్నర కాలము ఎంత పొడవైనదో ఆ ఊరివారు మరువలేదు. ఆ అనుభవము మరియొక ఊరికి రాకుండ చూచుటకు ఒక మీటరు, ఒక చిన్న దీపము, ఒక పుస్తకము చాలును.